మైకులో ఓబులేసు పేరు

నాకు కోపమొస్తే ఆగదు. ఆ సంగతి మా ఆయన పెళ్లయిన నెలలోపే కనిపెట్టాడు. ఇక్కడ సింగపూరు సైన్స్ పార్క్‌లో నా పక్కన కూర్చుని కోడ్ రాసేవాళ్లకి ఇంకొంచెం టైం పట్టింది. కాబట్టి ఈ కథ నేను నెమ్మదిగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోకండి. తొంభై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు పదిహేనున, ఆదివారం పూట, క్లెమెంటీలో ఒక అద్దె హాల్లో, మా తెలుగువాళ్లు రాములమ్మ ఆంటీకి చేసిన సన్మానం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

ముందు ఆవిడెవరో చెప్పాలి. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద ఉండేది. గిద్దలూరు పక్క పల్లెటూరు. కొడుకు గంగాధర్ జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజినీరు. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కి, కొత్తగా వేసిన వంతెన మీదుగా పోయేవాడు. వాడు పోయాక ఈవిడకి రోజంతా ఖాళీ. పొడుగాటి మనిషి, నలుపు, నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, రెండు చేతులకీ మోచేతుల దాకా మట్టిగాజులు. ఆవిడ లిఫ్టులోకి వస్తుంటే గాజుల చప్పుడు ముందు వినిపించేది. పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ "మకాన్ ఆల్రెడీ?" అంటే "మకాన్ అయింది తల్లీ, నువ్వు తిన్యావా?" అనేది ఈవిడ. ఆవిడ చైనా భాషలో ఏదో చెప్పేది, ఈవిడ తెలుగులో ఏదో చెప్పేది. ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి.

ఆదివారం సాయంత్రాలు బూన్ లే స్టేషన్ దగ్గర ఆకుపచ్చ యూనిఫాముల్లో కుర్రాళ్లు పెద్ద పెద్ద సంచులు మోసుకుంటూ క్యాంపులకి తిరిగి వెళుతుంటారు. ఇక్కడ మగపిల్లలందరూ కొన్నాళ్లు మిలట్రీలో చేయాల్సిందే కదా. ఆంటీ నాతో లిటిల్ ఇండియా నుంచి కరివేపాకు, గోంగూర సంచులతో దిగిందంటే చాలు, వాళ్లలో ఒకణ్ణి ఆపేది. "బూట్లకి తాడు సరిగ్గా కట్టుకో నాయనా, పడతావు. మీ అమ్మ కూడు పెట్టిందా?" అనేది. తెలుగులోనే! వాడు పాపం "యెస్ ఆంటీ, యెస్ ఆంటీ" అని వంగి తాడు కట్టుకునేవాడు. నేను సిగ్గుతో అటు తిరిగి నిలబడేదాన్ని. తర్వాత్తర్వాత నాకూ అలవాటైపోయింది.

"అంకుల్ ఏం చేస్తారు ఆంటీ?" అని మొదట్లో అడిగాను. "మిలట్రీలో ఉండాడు" అంది. ఉండాడు. ఉన్నాడన్నమాట, వాళ్ల యాసలో. సరేలే అనుకున్నాను. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే, పాతికేళ్లు నిండిన కొడుకున్న మనిషి భర్త ఇంకా మిలట్రీలో ఏ పని చేస్తుంటాడు, రిటైరయి ఉండాలి కదా అనిపించింది. గంగాధర్‌ని అడిగితే వాడు లిఫ్టులో అంకెల వంక చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆంటీయే ఒకనాడు వంకాయలు తరుగుతూ చెప్పింది.

ఓబులేసు లాన్స్ నాయక్. పెళ్లయ్యాక సెలవులకి వచ్చినప్పుడల్లా ఆవిడకి అక్షరాలు నేర్పాడట. "నేను రాసే జాబు పోస్టుమాస్టరు చదివి నీకు వినిపిస్తుంటే నాకు సిగ్గే రాములూ, నువ్వే చదువుకో" అన్నాడట. అది చెప్పి ఆంటీ తెగ నవ్వింది. ఆ జాబుల్లో ఏముండేదో నేను అడగలేదు. డెబ్బై ఒకటి డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం, ఛంబ్ దగ్గర. నది ఇవతలికి వెనక్కి రమ్మని ఆర్డరొచ్చింది. వచ్చినవాళ్లలో ఓబులేసు లేడు. చచ్చినవాళ్లలోనూ లేడు. ఊరికి టెలిగ్రాం వస్తే పోస్టుమాస్టరు చదివి, "మిస్సింగ్ అంటమ్మా. తప్పిపోయినాడంట" అన్నాడు.

"తప్పిపోవడానికి ఆయనేమన్నా బర్రెగొడ్డా?" అందట ఈవిడ. అప్పటికి గంగాధర్ కడుపులో ఉన్నాడు.

ఊళ్లో సగం మంది చచ్చిపోయాడన్నారు. మిగతా సగం పారిపోయాడన్నారు, అక్కడే ఎవతెనో చేసుకుని ఉంటాడన్నారు. పెద్దమనుషులు కూర్చుని, శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేద్దాం అన్నారు. "పీనుగును చూపించండి, నా గాజులు నేనే పగలగొట్టుకుంటా" అని ఈవిడ వాకిట్లోంచే తరిమింది. కొన్నేళ్లకి పైనుంచి, ఇక చనిపోయినట్టే లెక్క అని కబురొచ్చింది. "లెక్కేందమ్మా? మనిషి ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు" అంది ఆంటీ, వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేస్తూ.

ఆయన బతికే ఉన్నాడని నువ్వు నమ్ముతావా అని మీరు నన్నడగొచ్చు. నాకు తెలీదండీ. తెలీని సంగతి నేను బ్యానరు మీద రాయించను, అంతే. ఆ మాత్రం ఇంగితం మా పెద్దలకి లేకపోయింది.

పెద్దలంటే మా తెలుగు స్నేహవేదిక అధ్యక్షులు జగన్మోహనరావు గారు, వారి సతీమణి శ్యామలాదేవి గారు. ఆయనది ఇండియా నుంచి ప్రోగ్రామర్లని తెప్పించి బ్యాంకులకి అప్పజెప్పే కంపెనీ. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న వైటూకే భయం పుణ్యమా అని ఆ రోజుల్లో ఆయన దశ తిరిగింది. శ్యామలాదేవి ఇంట్లో శ్రావణ శుక్రవారం పేరంటమంటే మా ఆడవాళ్లందరికీ పండగే. మొదటి ఏడాది రాములమ్మ ఆంటీని కూడా పిలిచింది, పసుపు రాసింది, వాయనం ఇచ్చింది. తర్వాత ఎవరో ఓబులేసు తప్పిపోయి ఎన్నేళ్లయిందో వేళ్లు మడిచి లెక్కలు కట్టారు. రెండో ఏడాది పిలుపు లేదు. నేను వెళ్లి అడిగాను, నా నోరు ఊరుకోదు కదా. "మంచి మనిషే పాపం వసుంధరా. కానీ ఆయన ఉన్నాడో లేడో తెలీదు. ముత్తైదువల్లో కూర్చోబెట్టి మనకెందుకు చెప్పు రిస్కు" అంది. రిస్కట! ఆవిడేదో షేర్లు కొంటున్నట్టు. నాకివ్వబోయిన వాయనం తీసుకోకుండా వచ్చేశాను.

ఆ మరుసటి వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. అబ్బో, అప్పుడు చూడాలి మావాళ్ల దేశభక్తి! ఏసీ ఆఫీసుల్లో కూర్చుని రోజుకి ఇరవై ఈమెయిళ్లు, "ఇది చదివి ఏడవకపోతే నువ్వు భారతీయుడివే కాదు" అని. జగన్మోహనరావు గారి దగ్గర్నుంచే సగం వచ్చేవి. దేశం కోసం కొడుకుల్ని ఇచ్చిన తల్లుల గురించి మైకు పట్టుకుని కళ్లు తుడుచుకునేవాడు. మరి ఆయన కొడుకు అభిరామ్ సంగతేమిటి? మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్ తీసుకున్నారు, పిల్లాడికి మాత్రం తీసుకోలేదు. తీసుకుంటే పద్దెనిమిదేళ్లకి పట్టుకెళ్లి మిలట్రీలో వేస్తారని. "రెండేళ్లు వేస్టు కదమ్మా" అన్నాడు నాతోనే. యుద్ధమే లేని దేశంలో, శనివారం ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినే మిలట్రీ! అదీ వేస్టే ఆయనకి. పక్కవాళ్ల పిల్లలు మంచుకొండల మీద చస్తే మాత్రం మహా గొప్ప. సిగ్గన్నా ఉండక్కర్లేదా మనిషికి?

ఆగస్టు పదిహేనుకి కార్గిల్ వీరుల పేరిట సభ పెడదామన్నారు. పాటలు, డాన్సులు అన్నీ కుదిరాయి. మిలట్రీ మనిషి ఒక్కడూ దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి రాములమ్మ. పేరంటానికి పనికిరాని మనిషి స్టేజీకి పనికొచ్చింది చూడండి.

జగన్మోహనరావు గారు స్వయంగా వాళ్ల ఫ్లాట్‌కి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. "మీలాంటి వీరపత్ని మన మధ్య ఉండటం మా అదృష్టమమ్మా" అని మొదలుపెట్టాడు. ఆంటీకి ఆ మాటేమీ తలకెక్కలేదు. ఒక్కటే అడిగింది.

"మా ఆయన పేరు మైకులో చెబుతారా?"

"అయ్యో, తప్పకుండా చెబుతాం."

"ఊరి పేరూ?"

"ఊరూ పేరూ అన్నీ."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆయన వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. "మా కాడ తిరునాళ్లలో ఎవురన్నా తప్పిపోతే మైకులో చెబుతారమ్మా. పలానా ఊరు, పలానా పేరు, ఇట్టా ఉంటాడు, వాళ్లోళ్లు మైకు కాడ ఉండారు, యాడున్నా రావాల అని. ఎంతమంది దొరికినారో! మా ఆయన పేరు ఒక్కనాడన్నా ఎవురూ మైకులో చెప్పలేదు. ఈ ఊరికి అన్ని దేశాలోళ్లూ వస్తుండారు గదా. పాకిస్తానోళ్లు కూడా వస్తారంట. ఎవురి చెవినన్నా పడొచ్చు" అంది.

అక్కడ సన్మానం, శాలువా, ఫోటోలు అనుకుంటున్నారు వాళ్లు. ఈవిడ మొగుణ్ణి వెతికించుకోవడానికి వస్తోంది.

బ్యానరు మీద తెలుగు రాతకి ఇక్కడ కంప్యూటర్లేమీ పనికిరావు. లిటిల్ ఇండియాలో ఒక పెయింటరున్నాడు, కాగితం మీద రాసిస్తే చూసి గీస్తాడు. ఆ కాగితం నేనే రాసిచ్చాను. "లాన్స్ నాయక్ ఓబులేసు గారి ధర్మపత్ని శ్రీమతి రాములమ్మ గారికి సత్కారం" అని. ఆదివారం హాల్లోకి అడుగుపెట్టి స్టేజీ వంక చూశాను. ఓబులేసు పేరు ముందు, ఎర్ర రంగుతో, కీ.శే. అని ఉంది.

కీర్తిశేషులట! పక్కనే శ్రీమతి అని కూడా ఉంది. మొగుణ్ణి చంపినవాళ్లు పెళ్లాన్ని శ్రీమతి అని రాయడం మానలేదు.

"ఎవరండీ ఇది కలిపింది?" అన్నాను, హాలంతా వినపడేట్టు.

"అరవకమ్మా" అన్నాడు జగన్మోహనరావు. "ఇరవయ్యెనిమిదేళ్లు అయింది. ప్రాక్టికల్‌గా ఆలోచించు. వీరమరణం లేకుండా వీరపత్ని ఎట్లా అవుతుంది?"

"ఆవిణ్ణి అడిగారా?"

"ఆవిడకేం తెలుస్తుంది? వాళ్లబ్బాయిని అడిగాం."

గంగాధర్ అక్కడే కుర్చీలు సర్దుతున్నాడు. తల ఎత్తలేదు. "నేనే రాయించమన్నానక్కా" అన్నాడు.

"ఏం పోయేకాలంరా నీకు!"

"నీకు తెలీదక్కా." చేతిలో కుర్చీ కింద పెట్టాడు. "బళ్లో నన్ను ఏమనేవాళ్లో తెలుసా? మీ నాయన యాడ తప్పిపోయినాడురా, సంతలోనా అని. వాడెవడో చచ్చినోడి కొడుక్కి గౌరవం, నాకు ఎగతాళి. పెళ్లి సంబంధాలోళ్లు కూడా అదే అడుగుతుండారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను అమరవీరుడి కొడుకునని పదిమందిలో అనిపించుకోకూడదా?"

కోపం పోలేదు. ఎవరి మీద పడాలో తెలియలేదు, అంతే. ఈలోగా జనం రావడం మొదలైంది.

గుమ్మం దగ్గర శ్యామలాదేవి, ఇంకో ఇద్దరు పట్టుచీరల్లో నిలబడి వచ్చిన ఆడవాళ్లకి పన్నీరు చల్లుతూ, గంధం రాస్తూ, కుంకుమ బరిణె అందిస్తున్నారు. ఆంటీ వచ్చింది. ఎర్రంచు నేత చీర, తలనిండా మల్లెపూలు, ఎప్పటికంటే పెద్ద బొట్టు. శ్యామలాదేవి పన్నీరు చల్లింది. గంధం రాసింది. కుంకుమ బరిణె పట్టుకున్న చేయి మాత్రం ఆంటీని దాటుకుని వెనకున్నావిడ దగ్గరికి పోయింది. ఆంటీ చాచిన వేలు అట్లాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత ఆవిడే ఆ వేలిని చీర కొంగుకి తుడుచుకుని లోపలికి వచ్చింది. నేను ఆ బరిణె లాక్కుని విసిరికొట్టి ఉండాల్సింది!

ముందు వరసలో నా పక్కన కూర్చుంది. బ్యానరు వంక చూసింది. పెదాలు కదిలాయి. ఆవిడ చదువు అంతా జాబుల చదువు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది.

"లా...న్సు...నాయకు... ఓబులేసు!" అని పైకే నవ్వింది. "ఎంత పెద్దగా రాయించినారు తల్లీ! మరి ముందర అదేంది? కీ... శే..."

నేను చప్పున తల తిప్పుకున్నాను.

"కీశే అంటే ఏందమ్మా?" అంది నా వంక తిరిగి. కళ్లు మెరుస్తున్నాయి. "పదవా? ప్రమోషన్ ఇచ్చినారా ఆయనకి? నేను అనుకుంటానే ఉండా, ఇన్నేళ్లకి సుబేదారన్నా చేసుంటారని. కీశే అంటే సుబేదారు కంటే పెద్దదా?"

దేవుడా. అవునని అనేస్తే అయిపోయేది. హాలంతా చప్పట్లు కొడతారు, ఆవిడ సంతోషంగా ఇంటికి పోతుంది. కానీ ఎందుకనాలి? అబద్ధం బ్యానరెక్కించినవాళ్లు పట్టుచీరలు కట్టుకుని తిరుగుతుంటే, దానికి కాపలా నేను కాయాలా? లేచి గంగాధర్ రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఆవిడ ముందు నిలబెట్టాను.

"మీ అమ్మ అడుగుతోంది, కీశే అంటే ఏమిటని. నువ్వు రాయించావుగా. నువ్వే చెప్పు."

వాడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత అమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"పోయినోళ్ల పేరు ముందర రాస్తారమ్మా."

ఆంటీ కొడుకు తల మీద చెయ్యి వేసింది. కొడుతుందేమో అనుకున్నాను. అదైనా బాగుండేది.

"నువ్వు సూసినావా నాయనా?" అంది. "ఆయన పోవడం నువ్వు సూసినావా?"

"లేదమ్మా."

"నేనూ సూడలా."

అంతే. సభ మొదలైంది. జగన్మోహనరావు గారు మైకు ముందుకొచ్చి, గొంతు బరువు చేసుకుని, కార్గిల్ వీరులకీ, "మన రాములమ్మ గారి భర్త కీర్తిశేషులు ఓబులేసు గారికీ" నివాళిగా అందరూ లేచి ఒక్క నిమిషం మౌనం పాటించాలన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. హాలంతా లేచింది.

రాములమ్మ లేవలేదు.

ముందు వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, బొట్టుతో, గాజులతో కూర్చునే ఉంది. శ్యామలాదేవి వెనకనుంచి "లేవండి ఆంటీ, లేవాలి" అని గుసగుసలాడింది. ఈవిడ తల కూడా తిప్పలేదు. కార్గిల్ పిల్లలకి నేను ఇంటి దగ్గరే దణ్ణం పెట్టుకుంటానులే అనుకుని నేనూ కూర్చున్నాను. అందరి తలలూ వంచి ఉన్నాయి గానీ కళ్లన్నీ మా మీదే. ఆ నిమిషంలో గంగాధర్ నిలబడే ఉన్నాడు. అమ్మ వంక చూశాడు, బ్యానరు వంక చూశాడు. తర్వాత నడిచాడు. స్టేజీ ఎక్కి, మౌనం ఇంకా పూర్తికాకుండానే, జగన్మోహనరావు గారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"లాన్స్ నాయక్ ఓబులేసు" అన్నాడు. ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంజినీరు గొంతు కాదు, తిరునాళ్ల మైకు గొంతు. "ఊరు గిద్దలూరు పక్కన కొత్తపల్లె. మా నాయన. డెబ్బై ఒకటి యుద్ధంలో ఛంబ్ కాడ తప్పిపోయినాడు. పొడుగ్గా ఉంటాడు. కుడి చెంప మీద కాలిన మచ్చ ఉంటది. ఎవరికన్నా కనపడితే చెప్పండి. వాళ్లోళ్లు మైకు కాడ ఉండారు."

హాల్లో ఒక్క చప్పుడు లేదు. అడిగితే కూడా అంత మౌనం రాదు.

ముందు వరసలోంచి రాములమ్మ ఆంటీ లేచి నిలబడింది.

"కుడి కాదురా," అని అరిచింది కొడుకుతో, "ఎడమ చెంప!"

"ఎడమ చెంప" అన్నాడు గంగాధర్ మైకులో.